వాడిన బట్టల వ్యాపారం, హైదరాబాద్: సరుకు ఎక్కడ, ఏరేదెలా, మిగిలింది ఎటు

కూకట్‌పల్లి_కొట్టు:
అందరికీ నమస్కారం. వాడిన చీరలు, చొక్కాలు కొని అమ్మడం మీద ఇక్కడ ప్రశ్నలు చెల్లాచెదురుగా పడుతున్నాయి. తెలిసినవాళ్ళు అన్నీ ఒకచోట రాస్తే కొత్తవాళ్ళకు పనికొస్తుంది. ముఖ్యంగా నాలుగు సంగతులు. సరుకు ఎక్కడ దొరుకుతుంది? చేతిలోకి తీసుకోగానే ఏం చూడాలి? మరకలు, వాసన ఎలా పోగొట్టాలి? జీఎస్టీ ఎంతవరకు వర్తిస్తుంది? అమ్ముడుపోని గుడ్డ ఏం చేయాలో కూడా చెప్పండి, చివరికి చెత్తబండిలోకే పోతే మనం చేసే పనికి అర్థం లేదు.

ఎర్రగడ్డ_ఆదివారం:
సరుకు సంగతి నేను జెప్తా. ఎర్రగడ్డ సంత ఆదివారం, జుమ్మేరాత్ బజార్ పేరుకు తగ్గట్టే గురువారం. రెండిట్ల బట్టలు ఒక్కటే గాదు, పాత సామాన్లన్నీ ఉంటయి. పొద్దుగాల్నే పోవాలె. ఎండెక్కినంక మిగిలేది ఇంకొకరు ఏరి పక్కన పడేసిన సరుకే.

ఇంటింటికి తిరిగి స్టీలు సామానుకు పాత బట్టలు తీసుకునేటోళ్ళ తాన ఇంకా మంచి సరుకు దొరుకుతది. ఎందుకంటే బీరువాలకెల్లి నేరుగ వచ్చిన మూట అది, నడిమిట్ల ఎవ్వరూ ఏరలే. మూట విప్పకముందు ధర మాట్లాడకుండ్రి. "ఏరుకుంట, ఏరినయిటికే పైసలిస్త" అని ముందుగాల్నే చెప్పుండ్రి. ఏరుకునే ధర జర ఎక్కువుంటది, అయినా గదే నయం.

చేతిల మూడు వస్తువులుండాలె: టేపు, చిన్న టార్చి, తడిపిన తెల్లగుడ్డ. టార్చి బట్ట కింద పెట్టి వెలుగు పైకి కొట్టాలె, సూది రంధ్రాలు, పలచబడ్డ జాగలు కనవడ్తయి. తెల్లగుడ్డతోని గట్టిగ రుద్దితే రంగు దిగుతదా లేదా తెలుస్తది.

సంతల కొత్త లెక్క కనవడే చొక్కాలు అన్నీ వాడినయి గావు. మెడకాడ లేబుల్ సగం కత్తిరించి ఉంటే అది ఫ్యాక్టరీ తీసేసిన సరుకు కావచ్చు. అట్ల ఉంటే ఒక చెయ్యి పొడుగు ఒక చెయ్యి పొట్టి, కాజాలు తప్పు, కుట్టు వంకర, ఏదో ఒకటి ఉంటది. రెండు చేతులు పక్కపక్కన పెట్టి కొలిచి తీసుకోండ్రి.

కూకట్‌పల్లి_కొట్టు:
ఆన్‌లైన్‌లో "విదేశీ బేల్" (బిగించి కట్టిన పెద్ద మూట) అని కిలోల లెక్కన అమ్ముతామంటున్నారు కదా, అది తీసుకోవచ్చా?

పద్దులపుస్తకం:
జాగ్రత్త అండీ. వేసుకోవడానికి పనికొచ్చే వాడిన బట్టలను మన దేశంలోకి దిగుమతి చేయాలంటే లైసెన్సు కావాలి. స్వేచ్ఛగా తెచ్చుకోనిచ్చేది పూర్తిగా కోసి పనికిరాకుండా చేసిన గుడ్డముక్కలనే. అవి పానిపట్టు లాంటి చోట్ల దారం తీయడానికి పోతాయి. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో విదేశీ వాడిన బట్టలు వేరుచేసే యూనిట్లు ఉన్నాయి, వాటి పని ప్రధానంగా మళ్ళీ ఎగుమతి చేయడం. కాబట్టి ఎవరైనా బేల్ అమ్ముతామంటే బిల్లు, దిగుమతి పత్రం అడగండి. అవి చూపించలేకపోతే ఆ సరుకు వద్దు. ముందుగా డబ్బు పంపి, కట్టు విప్పి చూడని బేల్ కొనడం అసలే వద్దు.

పడుగుపేక:
చీరలు చూసే పద్ధతి రాస్తున్నాను. ఈ వ్యాపారంలో లాభమైనా నష్టమైనా ఇక్కడే తేలిపోతుంది.

మొదట కింది అంచు చూడండి. ఫాల్ వేసిన చీరలో అరిగిన అంచు ఫాల్ వెనక దాక్కుంటుంది. వేళ్ళతో నొక్కుతూ ఆ చివర నుంచి ఈ చివరి దాకా పోవాలి. చేతికి పీచులా తగిలితే అక్కడ పోగులు తెగాయని అర్థం. ఫాల్ కుంచించుకుపోయి చీర ముడుచుకుంటే అది తప్పు కాదు, ఫాల్ విప్పి కొత్తది వేస్తే సరిపోతుంది. తర్వాత భుజం దగ్గర పిన్ను గుచ్చిన చోటు, నడుం దగ్గర దోపిన చోటు, కుచ్చిళ్ళ భాగం. చివరగా మడతలు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుచీర ఆ గీత వెంట చీలుతుంది.

బట్ట బలం ఎలా తెలుస్తుందంటే, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి పడుగు (నిలువు పోగుల) దిక్కు ఒకసారి, పేక (అడ్డపోగుల) దిక్కు ఒకసారి మెల్లగా లాగండి. చిటచిటమని చప్పుడొస్తే ఆ పట్టు అయిపోయినట్టే. దాన్ని కట్టుకునే చీరగా అమ్మకూడదు. రఫూ చేసినా కుట్టు పక్కనే మళ్ళీ చీలుతుంది. ఒకటే రంధ్రమై, చుట్టూ బట్ట గట్టిగా ఉంటే మాత్రం రఫూ బాగా నిలుస్తుంది. రఫూగర్లు ఆ చీర లోపలి కొస నుంచే పోగులు తీసి నేస్తారు, అందుకే రంగు కలుస్తుంది. ఆ కొసను ముందే కత్తిరించి పారేయకండి.

మన నేత చీరలకు వేటి తప్పులు వాటికుంటాయి. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసే జోడింపు దగ్గర వెలుతురులో చూడండి, సన్నని సందు కనిపిస్తే అక్కడి నుంచే విడిపోతుంది. నీళ్ళలో వేస్తే నూలు ఒక తీరు, పట్టు ఒక తీరు కుంచించుకుంటాయి, అంచు ముడతలు పడుతుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే తిప్పి చూడండి. దారానికే రంగు కట్టి నేసింది కాబట్టి రెండు వైపులా బొమ్మ సమానంగా ఉండాలి. వెనకవైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన బట్ట. పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాలకు, నారాయణపేటకు, పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చుబట్టను ఆ పేరుతో అమ్మితే కొన్నవాళ్ళనీ, నేసినవాళ్ళనీ ఇద్దరినీ మోసం చేసినట్టే.

పోగు ఏదో తెలియకపోతే లోపలి కొస నుంచి నాలుగు పోగులు లాగి, మెలితిప్పి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, నల్లని ముద్ద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది, నలిపినా నలగదు. పడుగునూ పేకనూ వేర్వేరుగా కాల్చాలి. ఒకటి పట్టు, ఒకటి పాలిస్టర్ అయిన చీరలు చాలా ఉన్నాయి.

సిల్క్‌రూట్_బేగంపేట:
జరీ సంగతి కూడా చెప్పండి పడుగుపేక గారూ. "పాత పట్టుచీరలు కొంటాం" అనేవాళ్ళకు ఇస్తే గిట్టుబాటా?

పడుగుపేక:
వాళ్ళు కొనేది చీరను కాదు, జరీలోని వెండిని. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. కొన్నిటిలో వెండి బదులు రాగి ఉంటుంది, కొన్నిటిలో పాలిస్టర్ రేకు. గీకితే లోపల ఎర్రదారం కనిపిస్తే అసలు జరీ అంటారు కానీ, ఎర్ర రంగు వేసిన నకిలీలూ ఉన్నాయి. ఒక్క పోగు కాల్చి చూడటం మేలు. రేకు జరీ ముడుచుకుని పూస అవుతుంది, లోహం జరీలో తీగ మిగులుతుంది. అది వెండో రాగో తేల్చేది లోహపరీక్ష యంత్రమే.

లెక్క ఇలా వేయండి. అంచూ కొంగూ కలిపి జరీ 150 గ్రాములు తూగి, పరీక్షలో వెండి సగం అని తేలితే 75 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణించి, కరిగించే ఖర్చు, కొనేవాడి లాభం తీసేయండి. చూడకుండా మొత్తంగా ఇంతిస్తానంటే ఒప్పుకోకండి, తూకం మీ కళ్ళముందే జరగాలి.

అసలు నన్నడిగితే, కట్టుకోగల చీరను జరీకి ఇవ్వకూడదు. కాల్చేస్తే నేత మొత్తం బూడిదే. ఒళ్ళు చీలిపోయి అంచు బాగుంటే ఆ అంచు విప్పి కొత్త పట్టు మీద వేయించుకోవచ్చు. ఒళ్ళూ అంచూ రెండూ పోయాకే కరిగించేవాళ్ళ దగ్గరికి.

రఫూ_దారం:
ఉతుకు గురించి. కొన్న మూటను నేరుగా ఇంట్లో బట్టల మధ్య పెట్టకండి, నల్లులు రావచ్చు. నూలు బట్టలైతే 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. వేడి తట్టుకోని పట్టు, ఉన్ని గాలి చొరని పాలిథిన్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర 4 రోజులు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పట్టి జరీ మీద మచ్చలు పడతాయి.

చంకల దగ్గర పసుపు మరకకు చాలామంది బ్లీచింగ్ వాడతారు. ఆ మరక దానితో ఇంకా ముదురుతుంది. తెల్ల నూలుకు సోడియం పెర్‌కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్ పొడి) వాడాలి. 5 లీటర్ల వేడినీళ్ళకు 2 పెద్ద చెంచాలు వేసి గంట నానబెట్టండి. నీళ్ళు 40 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అది సరిగా పనిచేయదు. పట్టు మీద, ఉన్ని మీద ఇది వాడొద్దు. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టును కరిగించేస్తుంది కూడా.

తుప్పు మరక సబ్బుకు పోదు. నూలు మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి, ఆరకుండా మళ్ళీ మళ్ళీ తడపండి. తర్వాత బాగా జాడించాలి, పులుపు మిగిలితే బట్ట బలహీనపడుతుంది. రంగు బట్టైతే ముందు లోపలి మూల మీద చూసుకోండి.

కలరా ఉండల వాసనకు సెంటు కొట్టడం పనికిరాదు. ఉండలు గాలిలోకి ఆవిరయ్యే పదార్థం కాబట్టి గాలే మందు. నీడలో, గాలి ఆడే చోట తీగ మీద విప్పి వేస్తే 4, 5 రోజుల్లో చాలావరకు పోతుంది. ఎండ తగిలితే పట్టు రంగు వెలుస్తుంది. సెంటు జరీ మీద పడితే నల్లబడుతుంది.

రేయాన్ బట్టలు తడిసినప్పుడు సగం బలం కోల్పోతాయి, పిండొద్దు. తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. రోలింగ్‌కు ఇచ్చే ముందు మరకలన్నీ పోయాయో లేదో చూసుకోండి, వేడికి మరక నాటుకుపోతే ఇక రాదు. గంజి పెట్టిన నూలు చీరలు నిల్వ చేసేటట్టయితే గంజి పూర్తిగా ఉతికేయాలి. గంజి కోసం వెండిచేప పురుగు (సిల్వర్‌ఫిష్) వస్తుంది.

కూకట్‌పల్లి_కొట్టు:
ఇన్ని పనులు చేశాక ఒక్కో చీర ఎంతకు పడుతుందో లెక్క తేలడం లేదు.

పద్దులపుస్తకం:
ఉదాహరణకు 20 చీరల మూట 6,000 రూపాయలకు కొన్నారనుకోండి. ఒక్కోటి 300 అని రాసుకుంటే తప్పు. ఉతికి చూశాక అందులో 11 మాత్రమే అమ్మకానికి నిలబడితే ఒక్కో చీర అసలు ధర 545. ఉతుకు, ఫాల్, రోలింగ్ కలిపి 150 అయితే 695. దాని మీద ప్యాకింగ్, తిరిగి వచ్చే సరుకు నష్టం. కాబట్టి కొన్న ధరను కొన్నవాటితో కాదు, అమ్మగలిగేవాటితో భాగించండి. మిగిలిన 9 నుంచి ఏమైనా వస్తే అది వేరే పద్దు.

ఇక జీఎస్టీ. చాలా రాష్ట్రాల్లో సరుకులకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. ఇంకొకటి, ఎక్కువమంది ఇక్కడే పడుతున్నారు: వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విజయవాడకు, గుంటూరుకు కొరియర్ చేయడం మనకు ఊళ్ళో పంపినట్టే అనిపిస్తుంది, పన్ను లెక్కలో అది వేరే రాష్ట్రం.

రిజిస్ట్రేషన్ ఉంటే వాడిన సరుకులకు ఒక వెసులుబాటు ఉంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నిబంధన 32(5) ప్రకారం, కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను. 800కు కొని 1,400కు అమ్మితే 600 మీద 5 శాతం, అంటే 30 రూపాయలు. నష్టానికి అమ్మితే పన్ను లేదు. అయితే ఉతుకు ఖర్చు, ఫాల్ ఖర్చు ఆ తేడాలోంచి తీసేయడానికి వీల్లేదు. ఉతకడం, చిన్న రఫూ వంటివాటితో సరుకు స్వభావం మారదు కాబట్టి ఈ పద్ధతి వర్తిస్తుంది. చీర కోసి కుర్తా కుట్టి అమ్మితే అది వేరే సరుకు, ఈ లెక్క వర్తించదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన దుస్తులకు ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, ఆపైన 18 శాతం.

ప్రతి కొనుగోలుకూ తేదీ, ఎవరి దగ్గర, ఎన్ని, ఎంత అని వోచర్ రాసి సంతకం పెట్టించుకోండి. అది లేకపోతే తేడా లెక్క చూపించలేరు.

ఎర్రగడ్డ_ఆదివారం:
సంతల సంతకం ఎవ్వరు పెడ్తరు సార్?

పద్దులపుస్తకం:
పెట్టకపోతే మీరే సొంత వోచర్ రాసి, చెల్లింపు యూపీఐలో చేయండి. సరుకు ఫోటో కూడా ఆ పద్దు నంబరుతో దాచండి. ఏ రుజువూ లేకపోవడం కన్నా నయం.

మూసీగాలి:
ఒక మాట అడగాలి. ఇదంతా పర్యావరణం కోసం అంటున్నాం. వాడిన చొక్కా చవగ్గా దొరికిందని ఒకటికి నాలుగు కొంటే, కొత్తది కొనడం మానకపోతే, తగ్గింది ఏముంది? ఒక్క నూలు టీషర్టుకు సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంచనా. ఆ నీళ్ళు మిగిలేది కొత్త టీషర్టు ఒకటి కొనకుండా ఆగినప్పుడే. ఘనా రాజధాని అక్రాలో కంటమాంటో అనే వాడిన బట్టల బజారు చూడండి. చలిదేశాల మూటలు అక్కడికి చాలా చేరుతాయి, పనికిరానిది కాలువల్లోకీ సముద్రతీరానికీ పోతుంది. 2025 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలు పాత బట్టలను విడిగా సేకరించడం తప్పనిసరి అయింది. సేకరించింది ఎటో ఒకవైపు రావాల్సిందే కదా.

పడుగుపేక:
మీ ప్రశ్న సరైనదే. అందుకే ఏం కొంటున్నామన్నది ముఖ్యం. గట్టి నూలు, పట్టు, ఉన్ని మళ్ళీ పదేళ్ళు నడుస్తాయి, నిజంగానే కొత్తదాని చోటు తీసుకుంటాయి. సన్నని పాలిస్టర్, లైక్రా కలిపిన ఫ్యాషన్ బట్టలు రెండో చేతికి వచ్చేసరికే సాగిపోయి ఉంటాయి. లాగి వదిలితే తిరిగి ముడుచుకోదు, తెల్లని రబ్బరు పోగులు బయటికి వస్తాయి. వాటిని చవగ్గా అమ్మితే మూడు నెలల్లో చెత్తలోకే పోతాయి, ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి వదులుతాయి. అలాంటి సరుకు కొనకపోవడమే మనం చేయగలిగింది. అమ్మేటప్పుడు చంక నుంచి చంకకు, భుజం, పొడవు కొలతలు సెంటీమీటర్లలో ఇవ్వండి, తప్పు ఉన్నచోట రూపాయి బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీయండి. సరిపోని బట్ట తిరుగుతూ ఉంటే కొరియర్ బండి పొగే మిగులుతుంది.

బొంతకుట్టు:
అమ్ముడుపోనిది ఎటు అన్న ప్రశ్నకు నా వంతు.

మెత్తబడ్డ నూలు చీరలు బొంతకే. చీర 5.5 మీటర్లు, పన్నా 1.15 మీటర్లు అనుకుందాం. సగానికి కోసి పక్కపక్కన కలిపితే 2.75 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు వస్తుంది, ఇద్దరు పడుకునే బొంతకు ఒక ముఖం. రెండు చీరలు పైకీ కిందికీ, మధ్యలో 3 చీరల పొరలు చాలు. మధ్య పొరలు చిరిగినవైనా పరవాలేదు కానీ చిరుగులు ఒకేచోట పడకుండా మార్చి పరవండి. నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులకు పొడుగు కుట్లతో కచ్చా వేసుకుని, తర్వాత వేలెడు దూరంలో వరసలు కుట్టాలి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు వస్తుంది, ఎంత లాగినా పోదు. పాలిస్టర్ చీర ఒక్కటి కూడా మధ్యలో పెట్టొద్దు. జారిపోతుంది, చెమట పీల్చదు.

కుర్తాలకు గట్టి నూలు చీరలు. పన్నా బాగుంటే ఒక చీరలో రెండు కుర్తాలు, ఒక్కోదానికి రెండున్నర మీటర్లు. అరిగిన కింది భాగం లోపలి మడతలోకి పోయేట్టు కోయాలి. పాత పట్టుతో లంగా కుట్టేటప్పుడు కింద పూర్తిగా నూలు లైనింగ్ వేసి, బరువంతా లైనింగ్ మోసేలా కుట్టండి. లైనింగ్ గుడ్డ ముందురోజే నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే పట్టును లాగేస్తుంది.

చొక్కాలు, బనియన్లు, దుప్పట్లలో నూలువి అడుగు చదరం ముక్కలుగా కోసి, బొత్తాలు, జిప్పులు, గట్టి కుట్లు తీసేసి కిలోల లెక్కన మెకానిక్ షెడ్లకు, ప్రెస్సులకు ఇవ్వచ్చు. నూనె తుడవడానికి వాళ్ళకు పీల్చే గుడ్డ కావాలి. పాలిస్టర్ కలిస్తే మూట మొత్తం వెనక్కి పంపుతారు, జిప్పు మిగిలితే యంత్రం మీద గీత పడుతుంది.

ఉన్ని స్వెట్టర్లు పానిపట్టు తీరులో రంగు వారీగా విడదీస్తేనే ధర. అక్కడ మళ్ళీ రంగు వేయకుండా ఆ రంగు దారమే తీసి దుప్పట్లు నేస్తారు. మన ఊరి నుంచి కొద్దిగా పంపితే రవాణాకే సరిపోదు, నలుగురు కలిసి పోగుచేయాలి.

వేసుకోగలిగే మంచి బట్టలు, అమ్ముడుపోనివి, 1999 నుంచి పనిచేస్తున్న గూంజ్ లాంటి సంస్థలకు ఇవ్వచ్చు. ఉతికి, మడతపెట్టి, జతలు కలిపి ఇవ్వండి. చిరిగినవి ఇచ్చి పుణ్యం అనుకోవద్దు, వేరుచేసే భారం వాళ్ళ మీద పడుతుంది.

మూసీగాలి:
అర్థమైంది. పాలిస్టర్ చీరలకు మాత్రం దారి కనిపించడం లేదు.

బొంతకుట్టు:
బట్టగా దానికి ఉన్నవి చిన్న దారులే. సంచులు కుట్టండి, నీళ్ళకు కుళ్ళదు కాబట్టి కూరగాయల సంచికి బాగుంటుంది. కోసిన అంచు పోగులు ఊడకుండా కొవ్వొత్తి మంట దగ్గర ఒక్క క్షణం పెడితే కరిగి అతుక్కుంటుంది, మంట తగలనీయకండి. ఒక చీరలో 40 బై 45 సెంటీమీటర్ల సంచులు, రెండు పొరలతో, పట్టుకునే పట్టీలు కూడా కలిపి సుమారు 6 వస్తాయి.

కూకట్‌పల్లి_కొట్టు:
ఆ సంచి అడుగు కుట్టు బరువుకు పిగులుతోందని అంటున్నారండీ, ఏ కుట్టు వేయాలి?

బొంతకుట్టు:
ముందు బట్ట వెనక వైపులు కలిపి అర సెంటీమీటరు కుట్టు, తిప్పి మళ్ళీ ఒక సెంటీమీటరు కుట్టు. పోగుల కొసలు లోపలే బందీ అవుతాయి. మిషన్‌కు 11వ నంబరు సూది, దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం ఆ బట్ట మీద ముందు తెగుతుంది. పట్టీలు కలిసే చోట చదరం కుట్టి మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు వేయండి. 5 కిలోల బియ్యం పోసి ఒక రాత్రి కొక్కేనికి వేలాడదీసి చూడండి, నిలబడితే అమ్మండి.